కరాటేనా, స్ప్రేనా, తుపాకీ లైసెన్సా? మన జిల్లాల్లో ఎవరికి ఏది పనికొస్తుంది

ఆత్మరక్షణకి ఏం నేర్చుకోవాలి, ఏం కొనుక్కోవాలి అని మన ఉత్తరాంధ్రలో అడిగేవాళ్ళు ఎక్కువగా మూడు రకాలు. ఇంజనీరింగ్ కాలేజీలో చేరిన కూతురు చీకటి పడ్డాక ఆటోలో ఇంటికి వస్తోందని టెన్షన్ పడే తల్లిదండ్రులు ఒక రకం. పలాసలో జీడిపప్పు వ్యాపారమో, హైవే మీద పెట్రోలు బంకో, బంగారం కొట్టో నడుపుతూ రోజూ డబ్బు సంచితో తిరిగేవాళ్ళు రెండో రకం. పిల్లలు ఎక్కడో దూరాన ఉద్యోగాల్లో ఉంటే, ఊరి చివర తోటలో ఇల్లు కట్టుకుని ఇద్దరే ఉంటున్న పెద్దవాళ్ళు మూడో రకం. ఈ ముగ్గురికీ ఒకే సలహా చెప్పే మాస్టారుని నేనైతే నమ్మను.

ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీరు భయపడుతున్న మనిషి, ప్రమాదం మొదలయ్యే క్షణంలో, మీకు ఎంత దూరంలో ఉంటాడు? చెయ్యి పట్టుకునేంత దగ్గరా, గదికి ఆ చివరా, రోడ్డుకి అవతలా? మార్షల్ ఆర్ట్స్ గొప్పా, తుపాకీ గొప్పా అన్న వాదనలన్నీ ఈ దూరం మాట వదిలేసి జరుగుతుంటాయి. అందుకే ఎంతకీ తెగవు.

దూరం లెక్క

మనవాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీదికి విజయనగరం సేనతో పాటు ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు వచ్చాయి. లోపలున్న వీరులకి కత్తి పట్టడం ఒకరు నేర్పాల్సిన పని లేదు. గోడ ఎక్కినవాణ్ణి ఎక్కినట్టే నరికారు. అయినా ఫిరంగి దూరంగా నిలబడే కోటని కూల్చింది, కత్తి అంత దూరం పోలేకపోయింది. ఆ యుద్ధమైన కొద్ది రోజులకే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు రాత్రివేళ గుడారంలోకి దూరి విజయనగరం రాజు విజయరామరాజుని పొడిచి చంపాడు. బయట బోలెడు సైన్యం, కావలసినన్ని తుపాకులు. మనిషి మంచం పక్కకి వచ్చేశాక వాటిలో ఒక్కటీ అక్కరకి రాలేదు. బొబ్బిలి కథని మనం పౌరుషం కోసం చెప్పుకుంటాం గానీ, దూరం ఎవరి చేతిలో ఉంటే గెలుపు వాళ్ళదేనని అందులో రెండుసార్లు కనబడుతుంది.

ఇప్పటి లెక్కలు చూద్దాం. మన దేశంలో లైసెన్సు మీద దొరికే .32 రివాల్వర్ గుండు బరువు ఆరేడు గ్రాములు, వేగం సెకనుకి 200 మీటర్ల పైమాటే. మూడు మీటర్ల నుంచి కాలిస్తే సెకనులో వందో వంతు కాస్త దాటేసరికే మిమ్మల్ని చేరుతుంది. కంటితో చూసి ఒళ్ళు కదపడానికి మాత్రం, ఎంత సాధన చేసినవాడికైనా, సుమారు సెకనులో ఐదో వంతు కావాలి. ఛాతీ మీదికి ఏనుగుని ఎక్కించుకున్న కోడి రామమూర్తి నాయుడు గారు వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో ఎదిగినవారే. ఆయనంతటి దేహబలం ఉన్నా ఈ లెక్క మారదు. గుండుని తప్పించుకోవడం అనేది సినిమాల్లోనే. తుపాకీ పట్టిన చేతిని పక్కకి తప్పించడం ఒక్కటే మనిషికి సాధ్యం, అదీ ఆ చెయ్యి మనకి అందితే.

తుపాకీ ఉన్నవాడికీ హద్దులున్నాయి. అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ పోలీసు సార్జెంటు డెన్నిస్ టుల్లర్ 1983లో ఒక లెక్క బయటపెట్టాడు. కత్తి పట్టుకున్న మామూలు మనిషి 21 అడుగులు, అంటే ఏడు గజాలు, పరుగెత్తి మీద పడడానికి సుమారు ఒకటిన్నర సెకను చాలు. నడుముకున్న తుపాకీ తీసి గురిపెట్టి కాల్చడానికి శిక్షణ ఉన్న పోలీసుకీ ఇంచుమించు అంతే పడుతుంది. ఏడు గజాలంటే చాలా ఇళ్ళల్లో వీధి గుమ్మం నుంచి వంటింటి దాకా. బీరువాలో తాళం వేసి దాచిన రివాల్వర్ ఆ ఒకటిన్నర సెకనులో చేతికి వస్తుందో లేదో మీరే ఆలోచించుకోండి.

క్లాసుల్లో ఏది ఏం ఇస్తుంది

కర్రసాము, కత్తిసాము మన సొంతం. పండగల్లో, అమ్మవారి ఉత్సవాల్లో సాముగరిడీలు చూడకుండా పెరిగినవాళ్ళు విజయనగరంలో తక్కువ. అయితే జనం చూడడానికి తిప్పే తిప్పుళ్ళు వేరు, దెబ్బ కాచుకునే విద్య వేరు. గురువుగారు ఎదురుగా ఇంకొకణ్ణి నిలబెట్టి నిజంగా కర్రకి కర్ర తగిలిస్తున్నారా అన్నది చూడండి. తగిలిస్తుంటే అది మంచి విద్యే. కర్రతో మీ చెయ్యి నాలుగైదు అడుగులు పొడుగవుతుంది. వీధికుక్కల గుంపు ఎదురైనా, కత్తి పట్టుకున్నవాడు ఎదురైనా ఆ నాలుగడుగులే ప్రాణం. తోటకీ పొలానికీ వెళ్ళే మనిషి చేతిలో కర్ర ఉంటే ఎవరూ వింతగా చూడరు. కాలేజీ పిల్ల మాత్రం కర్ర పట్టుకుని ఆటో ఎక్కలేదు కాబట్టి ఆమెకి ఇది వ్యాయామం వరకే.

కరాటే, టైక్వాండో క్లాసులు ఇప్పుడు చిన్న టౌన్లలో కూడా ఉన్నాయి. క్రమశిక్షణ వస్తుంది, పిల్లల్లో బెరుకు పోతుంది. ఇందులో నా ఫిర్యాదు ఒకటే. చాలాచోట్ల గాలిలో గుద్దులు, గాలిలో తన్నులు, మూణ్ణెల్లకో బెల్టు, ఏడాదికో మెడల్. ఎదుటి మనిషి బరువు ఒంటి మీద పడ్డప్పుడు ఏం చెయ్యాలో ఆ పిల్లకి ఒక్కసారైనా అనుభవమై ఉండదు. పైగా తలెత్తు తన్నులు మ్యాటు మీద బావుంటాయి గానీ, వానాకాలం బురదలో చెప్పులతో, భుజాన బ్యాగుతో తన్నబోతే ముందు మనమే పడతాం.

ఆడపిల్లలకైతే నా ఓటు జూడోకి. అది దొరక్కపోతే కుస్తీ పట్లు నేర్పే ఎవరైనా సరే. కారణం చాలా మామూలుది. వాళ్ళ మీద జరిగే దాడిలో మొదట జరిగేది గుద్దడం కాదు. చెయ్యి పట్టుకోవడం, జుట్టు పట్టుకోవడం, లాగడం, వెనకనుంచి వాటేసుకోవడం. జూడోలో మొదటి రోజు నుంచీ ఇంకొకరు మిమ్మల్ని పట్టుకునే ఉంటారు, మీరు విడిపించుకుంటూనే ఉంటారు. తల నేలకి తగలకుండా పడడం కూడా అక్కడే వస్తుంది. ఆ పడే విద్య స్కూటీ మీంచి జారినప్పుడు కూడా పనికొస్తుంది. నిజం చెప్పాలంటే దొంగల కంటే దానికే ఎక్కువ అవసరం పడుతుంది.

బాక్సింగ్ నేర్చుకున్నవాడికి దెబ్బ తినడం అలవాటవుతుంది. మొదటి గుద్దుకే బిగుసుకుపోకుండా ఉండడం చిన్న సంగతి కాదు. మగపిల్లలకి మంచిదే, కాకపోతే నలుగురి మధ్యకి దూకాలనే దురద కూడా దాంతో పాటే వస్తుంది.

ఏ క్లాసైనా సమ్మర్ క్యాంపు మాత్రం లెక్కలోకి తీసుకోకండి. నెల రోజుల్లో వచ్చేది ధీమా ఒక్కటే, విద్య రాదు. ధీమా ఒక్కటే ఉండడం అసలు ఏమీ రాకపోవడం కంటే ప్రమాదం.

తుపాకీ లాక్కునే పట్టు

ఈమధ్య వీడియోల పుణ్యమా అని పిల్లలు క్రావ్ మాగా గురించి అడుగుతున్నారు. ఇమి లిక్టెన్‌ఫెల్డ్ అనే యూదుడు 1930లలో బ్రాటిస్లావా వీధుల్లో జరిగిన దాడుల్ని ఎదుర్కొంటూ మొదలుపెట్టి, తర్వాత ఇజ్రాయెల్ సైన్యంలో తీర్చిదిద్దిన పద్ధతి అది. అందులో తుపాకీ మీదికి వెళ్ళే పట్లు ఉన్నాయి. గురి రేఖ నుంచి ఒళ్ళు పక్కకి తిప్పడం, గొట్టాన్ని చేత్తో తోసి పట్టుకోవడం, వెంటనే ఎదురుదెబ్బ, ఆపైన లాక్కోవడం. పద్ధతిలో తప్పు లేదు. దాన్ని చూపించే తీరులోనే మోసం ఉంది. వీడియోలో తుపాకీ పట్టినవాడు బొమ్మలా నిలబడి, గొట్టం నుదుటికి ఆనించి, అవతలివాడి పని పూర్తయ్యేదాకా ఓపిగ్గా ఉంటాడు.

దీని బండారం బయటపెట్టడానికి హోలీకి అమ్మే ప్లాస్టిక్ నీళ్ళ తుపాకీ చాలు. ఎర్రరంగు నీళ్ళు నింపి, తెల్ల డ్రెస్సు వేసుకున్న కుర్రాడి ఎదురుగా ఇంకొకణ్ణి నిలబెట్టాలి. ఒక క్లాసులో మాస్టారు ఇదే చేయించగా చూశాను. గొట్టం ఛాతీకి తగిలేంత దగ్గరున్నప్పుడు కుర్రాడు మెరుపులా తిరిగి పట్టేసుకున్నాడు, మోచేతి దగ్గర రెండు చుక్కలు పడ్డాయంతే. అందరూ చప్పట్లు కొట్టారు. "ఇప్పుడు రెండడుగులు వెనక్కెళ్ళరా" అన్నారు మాస్టారు తుపాకీ పట్టినవాడితో. కుర్రాడు ముందుకు దూకాడు, అవతలివాడు చెయ్యి వెనక్కి లాక్కుని నొక్కాడు. మూడోసారి ఒక చేత్తో కాలర్ పట్టుకుని, బూతులు తిడుతూ, తుపాకీని నడుము దగ్గర దాచి పట్టుకోమన్నారు. "ఏటి మాస్టారూ, నా డ్రెస్సు మొత్తం ఎర్రగైపోనాది" అని కుర్రాడు ఏడుపు మొహం పెట్టాడు. "సొక్కానే కదరా, ఉతుక్కుంటే పోద్ది" అన్నారాయన. అలాంటి మాస్టారు దొరికితే వదలకండి.

కాబట్టి నిజంగా ఎవడైనా తుపాకీ చూపిస్తే వరస ఇది. వాడికి కావలసింది వస్తువైతే ఇచ్చేయండి. సంచి ఒక పక్కకి విసిరి మీరు రెండో పక్కకి పోండి. వాడికి కావలసింది మీరే అయితే, అంటే బండెక్కమంటే, అక్కడే పరుగు తీయడం మేలు. మలుపు తిరగండి. స్తంభం చాటుకో, కారు ఇంజిను వైపుకో వెళ్ళండి. పరుగెత్తే మనిషిని పిస్టలుతో కొట్టడం చాలా కష్టం, అడుగడుగుకీ ఆ కష్టం పెరుగుతుంది. పరుగెత్తే దారి లేదు, గొట్టం ఒంటికి ఆనుతోంది, కాల్చేస్తాడని ఖాయమైంది, అప్పుడే ఆ పట్టు. నల్లబెల్టు ఉన్నవాళ్ళకీ ఇదే వరస.

నాటు తుపాకీ అయితే పేలదులే అని కొందరు ధైర్యం చెబుతారు. ఏజెన్సీలో వేటకి వాడే నాటు తుపాకీకి మందు కూరి మళ్ళీ సిద్ధం చేసుకోవడానికి చాలా టైము పడుతుంది, అది నిజమే. కానీ ఆ మొదటి పేలుడు ఎదుట ఉన్నది మీరు. బొమ్మ తుపాకీయో అసలుదో దూరం నుంచి తేల్చుకునే ప్రయత్నమూ వద్దు.

పెప్పర్ స్ప్రే

చెయ్యి అందే దూరం దాటి, ఆరేడు అడుగుల దాకా పనిచేసే వస్తువు ఇది. మన దేశంలో దీనికి లైసెన్సు అక్కర్లేదు, మందుల షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. డబ్బుకి తగ్గ ఫలితం చూస్తే మొత్తం జాబితాలో దీనికే నేను ముందు వరస ఇస్తాను. చిక్కులు మూడు. ఎదురుగాలి ఉంటే మన కళ్ళల్లోనే పడుతుంది, సముద్రం గాలి వీచే మన తీరప్రాంతంలో ఇది గుర్తుంచుకోవాలి. మూసేసిన ఆటోలోనో కారులోనో కొడితే ఇద్దరికీ మంట. బ్యాగు అడుగున పుస్తకాల కింద పడి ఉంటే లేనట్టే. చేతికి అందే జేబులో పెట్టి, పాతది గడువు తీరిపోయాక పారేసేముందు ఆరుబయట ఒకసారి కొట్టి చూడమనండి. ఎంత దూరం పోతోందో, మూత ఎటు తిరుగుతోందో అప్పుడే తెలుస్తుంది. దీన్ని కోపం తీర్చుకోవడానికి వాడితే మాత్రం కేసు తప్పదు. ఒక గొడవలో స్ప్రే కొట్టినవాళ్ళ మీద కేసు కొట్టేయడానికి కర్ణాటక హైకోర్టు 2024లో ఒప్పుకోలేదు. ప్రాణానికి ముప్పు లేనిచోట అది ఆత్మరక్షణ అవదంది.

లైసెన్సు తుపాకీ

దీని గురించి అపోహలు ఎక్కువ కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఆయుధాల చట్టం 1959 నాటిది, ఇప్పుడు నడుస్తున్న నిబంధనలు 2016వి. తుపాకీ ఉంచుకోవడం మన దేశంలో హక్కు కాదు, ప్రభుత్వం ఇచ్చే అనుమతి. 21 ఏళ్ళు నిండాలి. దరఖాస్తు జిల్లా కలెక్టరుకి వెళుతుంది, పోలీసులు విచారించి రిపోర్టు పంపుతారు. మీకు నిజంగా ముప్పు ఉందా, మీ మీద కేసులేమైనా ఉన్నాయా, ఇంట్లో భద్రంగా దాచే ఏర్పాటు ఉందా అన్నీ చూస్తారు. తుపాకీ క్షేమంగా వాడడంలో శిక్షణ తీసుకున్నట్టు సర్టిఫికెట్ కావాలి. "ఊరికే, ధైర్యం కోసం" అంటే ఫైలు అక్కడే ఆగుతుంది. 2019 సవరణ తర్వాత ఒకరికి రెండు ఆయుధాలకి మించి ఉండకూడదు, లైసెన్సు గడువు ఐదేళ్ళు.

సైన్యం, పోలీసులు వాడే 9 ఎంఎం పిస్టలు మామూలు మనిషికి ఇవ్వరు. దొరికేది .32 రివాల్వరో, పిస్టలో, లేదా 12 బోరు తుపాకీయో. 2014లో కాన్పూర్ ఆయుధ కర్మాగారం ఆడవాళ్ళ కోసమని 'నిర్భీక్' అనే .32 రివాల్వర్ తెచ్చింది. బరువు అరకిలో, గుళ్ళు ఆరు, అప్పటి ధర సుమారు లక్షా ఇరవై వేలు. ఆ ధరకి జూడో క్లాసు ఎన్నేళ్ళు నడుస్తుందో చెప్పక్కర్లేదు.

ఖర్చు పక్కన పెట్టినా అసలు చిక్కు సాధన. లైసెన్సులో రాసినన్ని తూటాలే కొనగలరు. రేంజికి వెళ్ళి కాలిస్తే తప్ప చెయ్యి కుదరదు. వణికే చేత్తో, చీకట్లో, కేకల మధ్య మొదటిసారి కాల్చే మనిషి దొంగని కొడతాడో, పక్కగదిలో మనవణ్ణి కొడతాడో చెప్పలేం. ఎన్నికల కోడ్ వచ్చిందంటే చాలామంది తమ ఆయుధాన్ని పోలీస్ స్టేషన్లో అప్పగించాలి, అన్నాళ్ళూ మళ్ళీ మీరూ మీ కర్రే. పెళ్ళి ఊరేగింపులో సరదాకి పేల్చి ఎవరికైనా ప్రమాదం తెస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఇవన్నీ ఒక ఎత్తు, ఇంటి లోపలి ముప్పు ఒక ఎత్తు. ఇంట్లో తుపాకీ ఉంటే ఆత్మహత్య ప్రమాదం పెరుగుతుందని అమెరికా అధ్యయనాలు పదేపదే చూపించాయి. ఇంట్లో దిగులుతో ఉన్న మనిషి ఉన్నా, తాగి గొడవపడే మనిషి ఉన్నా, ఈ ఆలోచన అక్కడితో మానేయండి.

లైసెన్సు లేకుండా ఒరిస్సా వైపు నుంచో మరో చోటు నుంచో తెచ్చిపెడతాననే మధ్యవర్తి మాట వినకండి. లైసెన్సు లేని ఆయుధం ఉంటే కనీసం రెండేళ్ళు, ఐదేళ్ళ దాకా జైలు. అది మీ చేతిలోనే పేలిపోయే ప్రమాదం దీనికి అదనం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంవాళ్ళు ఎలుగుబంట్ల కోసం తుపాకీ అడుగుతుంటారు. వాళ్ళ బాధ నిజం, జీడితోటకీ కొబ్బరితోటకీ వెళ్ళి దాడికి గురైనవాళ్ళు ఉన్నారు. ఎలుగు వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు. ప్రాణం కాపాడుకునే క్షణంలో చంపితే చట్టం నేరం అనదు గానీ, తుపాకీతో వెతుక్కుంటూ వెళితే కచ్చితంగా నేరమే. పొదల్లోంచి ఒక్కసారిగా మీదికి దూకే జంతువుకీ ఆ ఒకటిన్నర సెకను లెక్కే వర్తిస్తుంది. గుంపుగా, చప్పుడు చేసుకుంటూ, తెల్లారాక వెళ్ళడమే ఎక్కువ కాపాడుతుంది.

కొట్టాక ఏమవుతుంది

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 సెక్షన్ల దాకా ఆత్మరక్షణ గురించే. మీ ఒంటినీ ఆస్తినీ, ఇంకొకరి ఒంటినీ ఆస్తినీ కాపాడుకునే హక్కు మీకుంది. చావో తీవ్ర గాయమో తప్పదనిపించినప్పుడు, అత్యాచారం, కిడ్నాపు, యాసిడ్ దాడి లాంటి వాటిలో, ఎదుటివాడి ప్రాణం పోయినా ఆ హక్కు వర్తిస్తుంది. హద్దు కూడా అక్కడే రాసి ఉంది. అవసరానికి మించి హాని చేయకూడదు, పోలీసుల్ని పిలిచే వ్యవధి ఉంటే ఈ హక్కు లేదు. గొలుసు తెంపుకుని పారిపోతున్నవాడి వీపు మీద కాలిస్తే ఆత్మరక్షణ అని ఒప్పించడం చాలా కష్టం.

కంగారులో ఉన్న మనిషి దెబ్బని తూకం వేసి కొట్టలేడన్న సంగతి కోర్టులకీ తెలుసు. దర్శన్ సింగ్ కేసులో 2010లో సుప్రీంకోర్టు ఈ హక్కుని విశాలంగానే చూసింది. అయినా ఆత్మరక్షణే చేసుకున్నానని చూపించాల్సింది మీరే. చేత్తో తోసి పారిపోయిన మనిషికి ఈ తలనొప్పి దాదాపు ఉండదు. స్ప్రే కొట్టినవాళ్ళకి కొంచెం. తుపాకీ పేల్చినవాడికి కేసు, ఆయుధం స్వాధీనం, ఏళ్ళ తరబడి వాయిదాలు.

ఎవరికి ఏది

తోటలో ఉండే పెద్దవాళ్ళకి క్లాసులూ వద్దు, తుపాకీ అసలే వద్దు. వాళ్ళకి కావలసింది దూరం. గేటుకీ గుమ్మానికీ మధ్య లైటు, పడగ్గది తలుపుకి లోపలినుంచి గట్టి గడియ, అరిచే కుక్క, మంచం పక్కన ఛార్జింగుతో ఉన్న ఫోను, అందులో అత్యవసర నంబరు 112. ఊరెళ్ళేటప్పుడు పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో చెప్పి వెళితే తాళం వేసిన ఇంటి మీద నిఘా పెడతారు. దొంగ లోపలికి వచ్చేశాడని తెలిస్తే గదిలోనే గడియ వేసుకుని ఫోను చేయండి. ఎదురెళ్ళకండి.

కాలేజీ అమ్మాయికి వారానికి రెండు మూడు రోజులు జూడో, జేబులో స్ప్రే, ఫోనులో ఆపదలో పోలీసుల్ని పిలిచే శక్తి యాప్. తెలిసిన ఆటో కుదుర్చుకోవడం వీటన్నిటికంటే ముందు. ఆమె చేత ఇంట్లో గట్టిగా అరిపించి చూడండి. నవ్వులాటగా ఉంటుంది గానీ, చాలామంది పిల్లలకి ఆ క్షణంలో గొంతు పెగలదు.

వ్యాపారస్తులకి నా సలహా కొంచెం చేదుగా ఉంటుంది. రోజూ ఒకే టైముకి, ఒకే దారిలో, ఒకే స్కూటర్ మీద డబ్బు సంచితో వెళ్ళడం మానకుండా తుపాకీ అడిగితే, దొంగకి డబ్బుతో పాటు రివాల్వర్ కూడా ఇచ్చి రావడమే అవుతుంది. టైము మార్చండి, ఇద్దరు వెళ్ళండి, చీకటి పడకముందే బ్యాంకులో కట్టేయండి, వీలైనంత చెల్లింపులు ఫోను మీదికి మళ్ళించండి. ఇవన్నీ చేశాక కూడా ఫలానా మనిషి నుంచి ప్రాణభయం ఉందని పోలీసు రికార్డుల్లో ఉంటే, అప్పుడు కలెక్టరేట్‌లో దరఖాస్తు పెట్టండి. పెట్టేముందు ఏదైనా రైఫిల్ క్లబ్‌లో చేరి కొన్నాళ్ళు కాల్చి చూడండి. చెయ్యి వణకడం తగ్గకపోతే ఆ లక్షా ఇరవై వేలూ, బ్యాంకుకి డబ్బు తీసుకెళ్ళే వ్యాను సర్వీసుకి కట్టుకోవచ్చు.